వారసత్వ రూపశిల్పి – క్రిస్టెన్ నైగార్డ్

కంప్యూటర్ భాషకు వారసత్వమనే భావాన్ని ప్రసాదించిన మేధావులలో క్రిస్టెన్ నైగార్డ్ అగ్రగణ్యుడు. ఆయన 1926 ఆగస్టు 27న నార్వే రాజధాని ఓస్లోలో జన్మించాడు. ఓస్లో విశ్వవిద్యాలయంలో గణితశాస్త్రాన్ని అభ్యసించి, 1956లో మాస్టర్స్ పట్టాను పొందాడు. 1948 నుండి రక్షణ పరిశోధన సంస్థలో పనిచేసి, 1960లో నార్వే కంప్యూటింగ్ కేంద్రంలో చేరాడు.

కర్మాగారాల్లో, ఓడరేవుల్లో సాగే క్లిష్టమైన పనులను కంప్యూటర్‌లో యథాతథంగా అనుకరించి చూడాలన్నది ఆయన సంకల్పం. సహచరుడు ఓలే యోహాన్ డాల్‌తో కలిసి సిములా భాషను నిర్మించాడు. 1967లో రూపొందిన సిములా 67లో క్లాస్, ఆబ్జెక్ట్, ఉపక్లాస్ అనే భావనలు వెలిశాయి. బస్సు, లారీ వేర్వేరైనా రెండూ వాహనాలే. కాబట్టి వాహనమనే క్లాస్‌లోని లక్షణాలు బస్సుకూ లారీకీ వారసత్వంగా సంక్రమిస్తాయి.

అనంతరకాలంలో సి ప్లస్ ప్లస్, జావా భాషలు ఈ వారసత్వాన్ని స్వీకరించాయి. వాటిలో స్టాటిక్ సభ్యాల తీరు విలక్షణమైనది. సాధారణ సభ్యం ప్రతి ఆబ్జెక్టుకూ విడివిడిగా ఉంటుంది. స్టాటిక్ సభ్యం మాత్రం క్లాస్ మొత్తానికీ ఒక్కటే. ములకలపల్లి వంటి అటవీ ప్రాంతపు పల్లెలో తండ్రి పొలాన్ని బిడ్డలు పంచుకుంటారు. ఊరి చెరువును పంచుకోరు. ఎవరు నీరు తోడినా మట్టం అందరికీ తగ్గుతుంది. అదే విధంగా వాహనాల మొత్తం సంఖ్యను స్టాటిక్‌గా ఉంచితే, కొత్త బస్సు చేరి పెరిగిన లెక్క లారీకీ కనిపిస్తుంది. ఉపక్లాస్ అదే పేరుతో సొంత స్టాటిక్ సభ్యాన్ని ప్రకటించుకుంటే మాతృక్లాస్‌లోనిది నశించదు, మరుగునపడుతుంది. పెరట్లో బావి తవ్వుకున్నంత మాత్రాన ఊరి చెరువు ఎండిపోదు కదా!

ఉమ్మడి సంపద విలువ నైగార్డ్ జీవితంలోనూ ద్యోతకమవుతుంది. తాను సృష్టించిన సాధనాలు యజమానుల చేతిలో శ్రామికులకు ముప్పు కారాదని ఆయన తలపోశాడు. 1970వ దశకం ఆరంభంలో ఇనుము, లోహ కార్మికుల సంఘంతో కలిసి పనిచేస్తూ, కంప్యూటర్ పరిజ్ఞానాన్ని శ్రామికుల చెంతకు చేర్చాడు. తమ పనిని మార్చివేసే యంత్రాల విషయంలో వారికీ మాట హక్కు ఉండాలన్నది ఆయన విశ్వాసం. ఐరోపా సమాఖ్యలో నార్వే చేరరాదని సాగిన ఉద్యమానికి సారథ్యం వహించాడు. 1994 ప్రజాభిప్రాయ సేకరణలో ఆ పక్షమే గెలిచింది.

నైగార్డ్, డాల్‌లకు 2001 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం లభించింది. 2002 జూన్ 29న డాల్, ఆగస్టు 10న నైగార్డ్ కన్నుమూశారు. విజ్ఞానం ఏ ఒక్కరి సొత్తూ కాదు, అందరి ఉమ్మడి చెరువు అని ఆయన జీవితం చాటుతోంది.