ఆస్తి పోయేవారి పక్షాన నిలిచిన నానీ పాల్ఖీవాలా

విద్యార్థులారా, మనలో చాలామందిమి ప్రభుత్వ క్వార్టర్లలో ఉంటాం. బదిలీ ఉత్తర్వు రాగానే ఇల్లు ఖాళీ చేస్తాం. అది మనది కాదని ముందే తెలుసు. కానీ ఊళ్లో తాతగారి పొలాన్ని ప్రభుత్వం తీసుకుంటే? రోడ్డుకో, ఆనకట్టకో అలా తీసుకునే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఎంత చెల్లించాలి, ఏ పద్ధతిలో తీసుకోవాలి అని సుప్రీంకోర్టులో గట్టిగా అడిగిన న్యాయవాది నానీ పాల్ఖీవాలా.

ఆయన 1920 జనవరి 16న బొంబాయిలో ఒక పార్సీ కుటుంబంలో పుట్టారు. పూర్వీకులు పల్లకీలు తయారుచేసేవారు. ఇంటిపేరు అలా వచ్చిందే. చిన్నతనంలో ఆయనకు నత్తి ఉండేది. వక్తృత్వ పోటీలలో పట్టుదలగా పాల్గొని దాన్ని జయించారు. ఇంగ్లీషులో ఎం.ఏ. చేసినా అధ్యాపక ఉద్యోగం దొరకలేదు. అప్పుడు న్యాయశాస్త్రం చదివారు.

1969 జూలైలో కేంద్రం 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసింది. వాటాదారు కూపర్ తరఫున పాల్ఖీవాలా వాదించారు. పరిహారం లెక్కగట్టిన తీరులో అసలు విలువ రావడం లేదన్నారు. 1970 ఫిబ్రవరిలో 11 మంది న్యాయమూర్తులలో 10 మంది ఆ చట్టం చెల్లదన్నారు. వెంటనే కొత్త ఆర్డినెన్సు వచ్చింది. బ్యాంకులు ప్రభుత్వానికే దక్కాయి, పరిహారం మాత్రం పెరిగింది.

తరువాత కేరళలోని ఎడనీరు మఠాధిపతి కేశవానంద భారతి మఠం భూముల కోసం కోర్టుకెక్కారు. దున్నేవారికి భూమి దక్కాలన్నది ప్రభుత్వ ఆశయం. అదీ న్యాయమైనదే. అయితే సవరణల పేరుతో పార్లమెంటు రాజ్యాంగాన్ని ఎంతవరకైనా మార్చవచ్చా అని పాల్ఖీవాలా ప్రశ్నించారు. 13 మంది న్యాయమూర్తులు 68 రోజులు విన్నారు. రాజ్యాంగపు మౌలిక స్వరూపాన్ని మార్చరాదని 1973 ఏప్రిల్ 24న ఏడుగురు తేల్చారు. వారిలో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ జగన్మోహన్‌రెడ్డి ఒకరు. మఠానికి భూములు తిరిగి రాలేదు, దేశానికి మాత్రం ఒక రక్షణ దొరికింది.

1978 నాటి 44వ సవరణతో ఆస్తి ప్రాథమిక హక్కుల జాబితా నుంచి పోయింది. అయినా చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోరాదని 300ఎ అధికరణం నేటికీ చెబుతోంది. పాల్ఖీవాలా 2002 డిసెంబరు 11న కన్నుమూశారు.

సెలవులకు ఊరెళ్లినప్పుడు ఎవరింటికైనా భూసేకరణ నోటీసు వచ్చిందని తెలిస్తే పెద్దలకు చదివి పెట్టండి. ఏ చట్టం కింద వచ్చింది, అభ్యంతరం చెప్పడానికి గడువెంత, పరిహారం ఎలా కట్టారు అని చూడండి. పాల్ఖీవాలా వాదన మొదలైంది ఇలాంటి ప్రశ్నలతోనే.