రిలేకు ఆద్యుడు జోసెఫ్ హెన్రీ

మన నిడదవోలుకు రేడియోతో చుట్టరికం ఉంది. ఆకాశవాణిలో లలిత సంగీతానికి పెద్దపీట వేసిన బాలాంత్రపు రజనీకాంతరావు గారు 1920లో పుట్టింది ఈ ఊళ్ళోనే. స్టూడియోలో పాడిన వారినీ, బాణీలు కట్టిన వారినీ అందరూ ఎరుగుదురు. మైకు తెరవగానే తలుపు మీద ఎర్రదీపం ఎలా వెలుగుతుంది, గదిలో స్పీకరు తనంతట తాను ఎందుకు మూగబోతుంది అని అడిగేవారు మాత్రం తక్కువ. ఆ పని చేసేది రిలే అనే చిన్న పరికరం. ఢిల్లీ వార్తలు అందుకొని మళ్ళీ ప్రసారం చేసే రిలే కాదు సుమండీ! మన జంక్షన్‌లో సిగ్నల్ విభాగంలో చేసిన మిత్రులకు ఇది బాగా పరిచయమున్నదే. దానికి ఆద్యుడైన జోసెఫ్ హెన్రీ గారిని ఈ ప్రత్యేక సంచికలో తలచుకోవాలని నా కోరిక.

హెన్రీ 1797 డిసెంబరు 17న అమెరికాలోని ఆల్బనీ పట్టణంలో ఒక నిరుపేద కుటుంబంలో జన్మించారు. తండ్రి కూలిపని చేసేవాడు. పిల్లవాణ్ణి అమ్మమ్మగారి ఊరు పంపారు. అక్కడ కొట్లో పనిచేస్తూ చదువుకున్నాడు. తర్వాత గడియారాలు, వెండి సామాను చేసే దుకాణంలో శిష్యరికం. పదహారో ఏట, ఇంట్లో అద్దెకున్న ఒకాయన దగ్గర విజ్ఞానశాస్త్ర ఉపన్యాసాల పుస్తకం చేతికి చిక్కింది. అంతవరకు నాటకాల పిచ్చిలో ఉన్న కుర్రవాడు దానితో దారి మార్చుకున్నాడు. 1826లో ఆల్బనీ అకాడమీలో ఆచార్యుడయ్యాడు.

అక్కడ పాఠాల బరువు ఎంతంటే, ప్రయోగాలకు వేసవి సెలవులే దిక్కు. ఇనుప కడ్డీకి పట్టుదారం చుట్టిన తీగను వరసలు వరసలుగా చుట్టి ఆయన చేసిన విద్యుదయస్కాంతం 1831లో రెండు వేల పౌండ్లకు పైగా బరువు ఎత్తింది. ఆ ఏడే గది గోడల చుట్టూ మైలుకు పైగా తీగ లాగి, ఈ చివర బ్యాటరీ తాకిస్తే ఆ చివర గంట మోగేటట్లు చేశారు. అయస్కాంతం నుంచి విద్యుత్తు పుట్టించే ప్రయోగాలూ చేశారు గాని, రాసి పంపేలోగా ఇంగ్లండులో ఫారడే ప్రకటించేశాడు. సెలవులు అయిపోయిన మేష్టారికి జరిగిన నష్టం అది.

1832లో ప్రిన్స్‌టన్ వెళ్ళారు. అక్కడే 1835లో రిలే పుట్టింది. దూరం వెళ్ళగల కరెంటుకు బరువు ఎత్తే సత్తువ లేదు. బరువు ఎత్తగల కరెంటు దూరం వెళ్ళలేదు. హెన్రీ ఈ రెంటికీ సంధి చేశారు. దూరం నుంచి వచ్చే నీరస సంకేతంతో ఒక చిన్న అయస్కాంతాన్ని కదిలించి, ఆ కదలికతో దగ్గరే ఉన్న పెద్ద బ్యాటరీ వలయాన్ని తెరిచారు. పెద్ద అయస్కాంతం పట్టుకున్న బరువులు దభాలున కింద పడేవి. విద్యార్థులు ఉలిక్కిపడేవారు. ప్రయోగశాల నుంచి ఇంటికి కూడా తీగ వేసుకొని భార్యకు కబురు పంపేవారట.

రేడియో స్టూడియోలో జరిగేదీ ఇదే. కన్సోల్ మీద ఫేడర్ పైకి జరిపితే వెనుక ఒక చిన్న కాంటాక్టు మూసుకుంటుంది. అది బయటి పరికరానికి చెప్పే సైగ మాత్రమే. ఆ సైగ రిలే చుట్టకు చేరుతుంది. 230 వోల్టుల దీపాన్ని వెలిగించేది, టేపు యంత్రాన్ని తిప్పేది రిలే అవతలి కాంటాక్టులు. రెండు వలయాల మధ్య తీగ సంబంధం ఉండదు. మైకు నుంచి వచ్చేది వోల్టులో వెయ్యోవంతు. దాని పక్కకు వేరే కరెంటు చొరబడితే ఇక చెప్పేదేముంది? నేను పనిచేసిన ఒక కేంద్రంలో తొందరపడి దీపం సరఫరా ఎర్తును నేరుగా కన్సోల్ ఎర్తుకు కలిపాం. దీపం వెలిగింది, వార్తల కింద గుయ్యిమని మోత కూడా వెలిసింది. సరఫరా వేరుచేసి మధ్యలో రిలే పెట్టాక గాని అది పోలేదు. అయినా దీపం ఆరినప్పుడల్లా టక్కుమని ఒక చప్పుడు మిగిలింది.

ఆ చప్పుడు కూడా హెన్రీ గారిదే! పొడుగాటి తీగచుట్టలో కరెంటు ఆపితే అది ఊరుకోదు, ఎదురుతన్ను తంతుంది, నిప్పురవ్వ లేస్తుంది. దీన్ని ఆయన 1832లో ప్రకటించారు. అందుకే రిలే చుట్టకు అడ్డంగా ఒక డయోడ్ తగిలిస్తాం. దాని ఖరీదు అణాకానీ. అది లేకపోతే కన్సోల్‌లోని ట్రాన్సిస్టర్‌కు ముప్పు. ఈనాడు కంప్యూటర్ నుంచి ప్రసారమయ్యే చోట రిలేకు బదులు వెలుగుతో సైగ అందించే ఆప్టో కప్లర్ వాడుతున్నారు. వలయాలను విడదీయాలన్న సూత్రం మాత్రం అదే.

హెన్రీ దేనికీ పేటెంటు తీసుకోలేదు. విజ్ఞానం అందరిదీ అన్నది ఆయన పట్టుదల. 1839లో సలహా కోసం వచ్చిన మోర్స్‌కు ఉన్నదంతా చెప్పారు. 1844లో మోర్స్ టెలిగ్రాఫు నడిచింది, పేరూ డబ్బూ వచ్చాయి. పేటెంటు తగాదా కోర్టుకెక్కినప్పుడు హెన్రీ పిలిస్తే వెళ్ళి నిజం చెప్పారు. దానికి మోర్స్ 1855లో ఆయనను నిందిస్తూ పెద్ద వ్యాసమే అచ్చువేశాడు. అప్పటికి హెన్రీ స్మిత్సోనియన్ సంస్థకు కార్యదర్శి, 1846 నుంచి మరణించేవరకు ఆ పదవిలోనే ఉన్నారు. తాను వాదనకు దిగకుండా, కాగితాలన్నీ సంస్థ పాలకమండలి ముందు పెట్టి విచారించమన్నారు. మండలి ఆయన పక్షానే తీర్పు చెప్పింది. పేటెంటు లేకపోవడం తప్పు కాదు గాని, ముందుగా అచ్చువేయించి ఉంటే ఈ బాధ తప్పేదని నాకనిపిస్తుంది.

1865 జనవరిలో సంస్థ భవనం అంటుకొని ఆయన ఉత్తర ప్రత్యుత్తరాలు చాలావరకు కాలిపోయాయి. 1875లో గ్రాహం బెల్ అనే యువకుడు టెలిఫోను ఊహతో వచ్చి, తనకు విద్యుత్తు సరిగా తెలియదని చెబితే, నేర్చుకోమని గట్టిగా చెప్పి పంపింది ఈ ముసలాయనే. 1878 మే 13న వాషింగ్టన్‌లో కన్నుమూశారు. 1893లో షికాగోలో సమావేశమైన విద్యుత్ శాస్త్రవేత్తలు తీగచుట్ట ఎదురుతన్నును కొలిచే ప్రమాణానికి హెన్రీ అని పేరుపెట్టారు. ఫారడే పేరు అప్పటికే కెపాసిటర్ల మీద ఉంది.