రేడియం తల్లి మేడమ్ క్యూరీ

సంగారెడ్డి నుండి పటాన్‌చెరు దాకా రోడ్డు పక్కన రేడియం షాపులు మనందరికీ తెలిసినవే. బండి నంబరు, ఆటో వెనుక దేవుని పేరు, లారీ అంచున గీతలు, అన్నింటికీ మనం వాడే మాట రేడియమే. నిజానికి ఆ స్టిక్కర్లలో రేడియం రవ్వంత కూడా లేదు. లైటు పడితే వెనక్కి కొట్టే రేకులవి. అసలు రేడియాన్ని ప్రపంచానికి చూపిన స్త్రీ మేరీ క్యూరీ. బిట్ పేపర్లో ఆమె ఒక చిన్న బిట్టు. ఆ చిన్న బిట్టులో పట్టే జీవితం కాదు ఆమెది.

మేరీ 1867 నవంబరు 7న పోలండ్‌లోని వార్సా నగరంలో జన్మించింది. అప్పుడు ఆ నగరం రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. తండ్రి లెక్కలు, ఫిజిక్స్ చెప్పే మాస్టారు. పై అధికారులైన రష్యన్లకు నచ్చక మంచి ఉద్యోగం పోగా, ఇంట్లోనే పిల్లలకు తిండి, వసతి ఇచ్చి చదువు చెప్పాడు. అంటే ఆమె పెరిగిన ఇల్లే ఒక హాస్టలు! అక్కడే సోకిన టైఫస్ జ్వరంతో పెద్దక్క పోయింది, తరువాత క్షయతో తల్లి పోయింది. అప్పటికి మేరీకి పదేళ్ళు.

వార్సా యూనివర్సిటీలో ఆడపిల్లలకు ప్రవేశం లేదు. అందుకని అక్కాచెల్లెళ్ళు ఒక ఒప్పందం చేసుకున్నారు. ముందు అక్క బ్రోన్యా పారిస్‌లో డాక్టరు చదవాలి, చెల్లెలు సంపాదించి పంపాలి. తరువాత అక్క చెల్లెలిని చదివించాలి. తమ్ముడి డిగ్రీ కోసం ఇంటర్‌తో ఆగిపోయి పాశమైలారంలో షిఫ్టు డ్యూటీకి వెళ్ళే అన్నలు మనలో ఎందరికో ఉన్నారు కనుక ఈ ఒప్పందం బరువు మనకు వేరే చెప్పాలా! మేరీ ధనవంతుల ఇళ్ళలో పిల్లలకు పాఠాలు చెబుతూ ఏళ్ళు గడిపింది. ఇది రాస్తున్న మా వయసు ఇరవై మూడు. ఆ వయసు వచ్చేనాటికి ఆమె ఇంకా కాలేజీ గడప తొక్కలేదు. 1891లో పారిస్ చేరింది. చలికి వణికే పై గదిలో ఉండి, అర్ధాకలితో చదివి 1893లో ఫిజిక్స్‌లో మొదటి స్థానం, 1894లో గణితంలో రెండో స్థానం సాధించింది. 1895లో శాస్త్రవేత్త పియరీ క్యూరీని వివాహం చేసుకుంది.

ఆ రోజుల్లో హెన్రీ బెకరల్ అనే ఆయన, ఎండలో పెట్టి చీకట్లోకి తెస్తే వెలిగే పదార్థాలపై పరిశోధిస్తున్నాడు. 1896లో యురేనియం లవణం ఎండ తగలకుండానే ఫోటో ప్లేటును నల్లబరచడం గమనించాడు. ఆ కిరణాల సంగతి తేల్చడమే మేరీ డాక్టరేటు. పిచ్‌బ్లెండ్ అనే ఖనిజం నుండి దంపతులు 1898 జూలైలో పొలోనియం, డిసెంబరులో రేడియం ప్రకటించారు. దాన్ని వేరు చేసి చూపడానికి వారికి దొరికింది వానకు కారే షెడ్డు. టన్నుల కొద్దీ ఖనిజపు పిప్పిని ఇనుప కడ్డీతో కలుపుతూ, మరిగిస్తూ, వడకడుతూ 1902 నాటికి తీసిన రేడియం క్లోరైడు గ్రాములో పదో వంతు! రాత్రిపూట షెడ్డుకు వెళ్ళి గాజు గొట్టాల్లో దాని వెలుగు చూసి మురిసిపోయేవారు.

ఇక్కడ యూజీన్ డెమార్సే గురించి చెప్పకుండా ముందుకు పోలేము. ప్రయోగంలో పేలుడు జరిగి ఒక కన్ను పోగొట్టుకున్న మనిషి ఆయన. రేడియం కొత్త మూలకమేనని వర్ణపటంలో గీత చూసి తేల్చింది ఆయనే. 1901లో యూరోపియం అనే మూలకాన్ని వేరు చేసిందీ ఆయనే. ఫ్యాక్టరీలో మంటలు లేస్తే ముందు పోయేది కరెంటు. అప్పుడు దారి చూపే పచ్చని బాణం గుర్తులో ఉండేది 1990లలో జపాన్‌లో రూపొందిన స్ట్రాన్షియం అల్యూమినేట్ పొడి. దాన్ని వెలిగించేది యూరోపియం. ఎరుపు మాత్రం అంత సులువు కాదు. కాల్షియం సల్ఫైడుతో ఎర్రని వెలుగు వస్తుంది గాని తేమ తగిలితే పాడై, కుళ్ళిన గుడ్ల వాసన కొడుతుంది. కాబట్టి ఇట్రియం ఆక్సైడు, గంధకం, సోడియం కార్బొనేటుకు కొద్దిగా యూరోపియం, మెగ్నీషియం, టైటానియం చేర్చి నూరి, మూత పెట్టిన మూసలో వెయ్యి డిగ్రీలు దాటిన ఫర్నేసులో కొన్ని గంటలు కాల్చి, కడిగి ఆరబెడతారు. అదీ పచ్చదానంత సేపు నిలవదు. పైగా చీకటికి అలవాటుపడిన కంటికి ఎరుపు సరిగా ఆనదు.

ఈ పొడులు తాగిన వెలుగునే తిరిగి ఇస్తాయి. రేడియానికి ఆ అవసరం లేదు. అందుకే దాన్ని జింకు సల్ఫైడులో కలిపి గడియారం అంకెలకు రంగుగా పూశారు. అమెరికాలో ఆ పనికి చేరిన అమ్మాయిలకు కుంచె మొనను పెదవులతో సన్నం చేసుకోమని నేర్పారు, ఏ హానీ లేదని చెప్పారు. దవడ ఎముకలు కుళ్ళి ఎందరో చనిపోయారు. న్యూజెర్సీలో ఐదుగురు స్త్రీలు కోర్టుకెక్కి 1928లో పరిహారం రాబట్టారు. ఆ రంగులో జింకు సల్ఫైడు కొన్నేళ్ళకే చెడి వెలుగు ఆగిపోతుంది. రేడియం సగానికి తగ్గడానికే 1600 ఏళ్ళు. డ్రమ్ములోని పొడి ఏమిటో చెప్పకుండా చేతులతో ఎత్తించే ప్రతి చోటా ఈ కథ తెలియాలని మా కోరిక.

మేరీకి 1903లో ఒక నోబెల్, 1911లో మరొకటి వచ్చాయి. మధ్యలో 1906లో పియరీ గుర్రపు బండి కింద పడి మరణించాడు. రేడియం తీసే విధానంపై వారు పేటెంటు తీసుకోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎక్స్‌రే యంత్రాలను బండ్లకెక్కించి గాయపడిన సైనికుల దగ్గరకు తీసుకువెళ్ళింది. ఇంత తెలిసిన మనిషి రేడియం ప్రమాదాన్ని చాలాకాలం తేలికగా తీసుకోవడం మాకు మింగుడు పడని విషయం. వేళ్ళు కాలాయి, కళ్ళకు శుక్లాలు వచ్చాయి. చివరకు ఎముకల మూలుగలో రక్తం తయారు కావడం ఆగిపోయి 1934 జూలై 4న కన్నుమూసింది. 1995లో ఆమె అస్థికలను ఫ్రాన్సు మహనీయులుండే పాంథియన్‌కు తరలించారు. షెడ్డులో రాసుకున్న నోటు పుస్తకాల నుండి ఇప్పటికీ కిరణాలు వస్తున్నాయి. వాటిని సీసపు పెట్టెల్లో ఉంచారు.