అలుపెరుగని బౌలర్ – గులాం అహ్మద్

హైదరాబాదు క్రికెట్ కీర్తిని దేశమంతటా చాటినవారిలో గులాం అహ్మద్ ఒకరు. ఆయన 1922 జులై 4న హైదరాబాదులో జన్మించారు. ఆఫ్ స్పిన్ బౌలింగ్‌లో దిట్ట. 1950-51 రంజీ పోటీలలో హోల్కర్ జట్టుపై ఒకే ఇన్నింగ్స్‌లో 92.3 ఓవర్లు, అంటే 555 బంతులు వేశారు. అంతటి శ్రమకు దక్కినవి నాలుగు వికెట్లే. అయినా ఆయన శ్రమించడం మానలేదు. 1952లో ఢిల్లీలో పాకిస్థాన్‌పై చివరి ఆటగాడిగా బ్యాటు పట్టి, హేమూ అధికారితో కలిసి పదవ వికెట్‌కు 109 పరుగులు జోడించారు. 1955లో హైదరాబాదులో జరిగిన తొలి టెస్టులో భారత జట్టుకు నాయకత్వం వహించారు. మరుసటి ఏడాది కలకత్తాలో ఆస్ట్రేలియాపై 49 పరుగులకే ఏడు వికెట్లు పడగొట్టారు. 22 టెస్టులలో 68 వికెట్లు సాధించిన ఆయన 1998లో కన్నుమూశారు. ఫలితం స్వల్పమైన నాడు కూడా బంతిని విడువని ఓర్పే ఆయన ఘనత.