ఫ్లాస్క్ కనిపెట్టిన సర్ జేమ్స్ డ్యూవర్



మీ పిల్లల స్కూల్ బ్యాగ్‌లో రోజూ పెట్టే స్టీల్ ఫ్లాస్క్‌ను ఒకసారి చూడండి. ఆగిరిపల్లి తోటల్లో మామిడి కోతకొచ్చే ఎండల్లో కూడా అందులో నీళ్లు సాయంత్రం దాకా చల్లగానే ఉంటాయి. ఆ ఉపాయం సర్ జేమ్స్ డ్యూవర్‌ది.

ఆయన 1842లో స్కాట్లాండ్‌లోని కిన్‌కార్డిన్‌లో పుట్టారు. పదేళ్లప్పుడు గడ్డకట్టిన నీటి మీద మంచు విరిగి లోపల పడ్డారు. తర్వాత కీళ్లవాతం జ్వరం వచ్చి చాలా కాలం బడికి సరిగా వెళ్లలేకపోయారు. ఆ రోజుల్లోనే ఊరి వడ్రంగి దగ్గర వయొలిన్లు చేయడం నేర్చుకున్నారు. మన పక్కనున్న నూజివీడులో పనస చెక్కతో వీణలు చేసేవారిని చూస్తే ఆ పనికి ఎంత ఓపిక కావాలో మీకే తెలుస్తుంది. తన చేతి నేర్పు అక్కడే మొదలైందని డ్యూవర్ పెద్దయ్యాక కూడా నమ్మారు.

15 ఏళ్లకే తల్లిదండ్రులను పోగొట్టుకున్నా చదువు ఆపలేదు. 1877లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రొఫెసర్ అయ్యారు. అక్కడ మైనస్ 183 డిగ్రీల ద్రవ ఆక్సిజన్‌ను నిల్వ ఉంచడం పెద్ద సమస్య. గది వేడికే అది మరిగి ఆవిరైపోతుంది. 1892లో ఆయన ఒక గాజు పాత్రలో ఇంకొకటి అమర్చి, మధ్యలోని గాలి తీసేశారు. గాలి లేకపోతే వేడి సులువుగా దాటలేదు. కిరణాలుగా వచ్చే వేడిని వెండి పూత వెనక్కి పంపేస్తుంది. ఆ పాత్రల సాయంతోనే 1898లో హైడ్రోజన్‌ను మైనస్ 253 డిగ్రీల దగ్గర ద్రవంగా మార్చారు.

2014 జనవరి 5న శ్రీహరికోట నుంచి ఎగిరిన జీఎస్ఎల్‌వీ-డి5లోని మన సొంత క్రయోజెనిక్ ఇంజన్‌లో వాడినవి ఈ రెండు ద్రవాలే. రాకెట్ ట్యాంకు తేలిగ్గా ఉండాలి కాబట్టి పైన ఫోమ్ పొర వేస్తారు. అంతరిక్షంలో శూన్యం ఎలాగూ ఉంది. అందుకే అక్కడ వెండి పూత పనిని అల్యూమినియం పూసిన పల్చటి పొరలు చేస్తాయి.

డ్యూవర్ తన ఫ్లాస్క్‌కు పేటెంట్ తీసుకోలేదు. థెర్మోస్ పేరుతో దాన్ని జర్మనీవాళ్లు అమ్ముకున్నారు. ఆయన కోపిష్ఠి కూడా. హీలియం గురించి బాగా తెలిసిన రామ్సేతో ఆయనకు పడేది కాదు. చివరికి 1908లో హీలియంను ద్రవంగా మార్చిన ఘనత నెదర్లాండ్స్‌కు చెందిన కామర్లింగ్ ఓన్స్‌కు దక్కింది. డ్యూవర్ నోబెల్ అందుకోకుండానే 1923లో కన్నుమూశారు.

పిల్లలు జ్వరంతో నెల రోజులు రాకపోతే సిలబస్ పోయిందని మనం కంగారు పడతాం. ఆ నెలలో వాళ్ల చేతికి ఏదో ఒక పని ఇవ్వండి. కోలుకుని వచ్చాక, తమ నోట్స్ పక్కవాళ్లతో పంచుకోమని కూడా చెప్పండి.