ఫిరంగులు పోయాయి, పేరు మిగిలింది

సికింద్రాబాద్‌లోని సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. కంటోన్మెంట్‌లోని ఆంగ్లేయ సైనికుల ఆరాధన కోసం అది వెలిసింది. అంతకు ఏడేళ్ల ముందు, 1806లో, మూడో నిజాం సికందర్ జా పేరు మీదుగా ఈ ఊరికి సికింద్రాబాద్ అన్న పేరొచ్చింది. ఊరు, చర్చి రెండూ ఆంగ్లేయుల దండు వెంట వచ్చినవే. అయితే ఆ దండు ఇక్కడ స్థిరపడటానికి వెనుక ఒక ఫ్రెంచి సేనాని జీవితం, ఆయన అకాల మరణం ఉన్నాయని మనలో చాలామందికి తెలియదు. ఆయనే మిషెల్ జొయాకిం రేమండ్. హైదరాబాదీలు ప్రేమతో పిలుచుకున్న ‘మూసారాం’.

ఫ్రాన్సు నైరుతి ప్రాంతమైన గాస్కనీలో 1755లో రేమండ్ పుట్టాడు. ఇరవై ఏళ్ల వయసులో వ్యాపారం కోసం ఓడెక్కి పాండిచ్చేరి చేరాడు. అయితే ఆ రోజుల్లో దక్షిణ భారతమంతా రణరంగంగా ఉండేది. బేరసారాలు వదిలేసి ఆయన కత్తి పట్టాడు. మొదట మైసూరు పాలకుడు హైదర్ అలీ కొలువులో, ఆ తర్వాత ఫ్రెంచి సేనాని బుస్సీ వద్ద పనిచేశాడు. 1785లో బుస్సీ చనిపోయాక రేమండ్ రెండో నిజాం అలీఖాన్ కొలువులో చేరాడు. మొదట్లో ఆయన వెంట ఉన్నది 300 మంది మాత్రమే. వారి తుపాకులు కూడా సొంతం కావు, నెలకు ఎనిమిదణాల అద్దెకు తెచ్చుకున్నవని చెబుతారు. అలాంటి చిన్న గుంపు పదేళ్లు తిరిగేసరికి 14 వేల మంది సైన్యమైంది. వారి పతాకం ఫ్రెంచి విప్లవం ఎగరేసిన మూడు రంగుల జెండా. హైదరాబాద్‌లో ఆయన నెలకొల్పిన ఫిరంగుల కర్మాగారం పేరు మీదే ఆబిడ్స్ పక్కనున్న ప్రాంతాన్ని నేటికీ గన్‌ఫౌండ్రీ అంటున్నాం.

1795 మార్చిలో ఖర్దా వద్ద నిజాంకు, మరాఠాలకు మధ్య యుద్ధం జరిగింది. రేమండ్ పటాలాలు గట్టిగా నిలిచి పోరాడాయి. కానీ యుద్ధం తేలకముందే నిజాం ధైర్యం కోల్పోయి వెనుదిరిగాడు. ఆ రాత్రి సైన్యం చెల్లాచెదురైంది. దౌలతాబాద్ కోటను, ఎంతో భూభాగాన్ని మరాఠాలకు ధారాదత్తం చేయాల్సి వచ్చింది. ప్రధానమంత్రిని సైతం బందీగా అప్పగించాల్సి వచ్చింది. ఆంగ్లేయులు ఈ యుద్ధంలో సాయం రాలేదు. దాంతో నిజాంకు రేమండ్ మీద నమ్మకం మరింత పెరిగింది.

అదే ఏడాది మరో పరీక్ష ఎదురైంది. నిజాం కన్నకొడుకు అలీ జా తండ్రి మీద తిరగబడ్డాడు. వెంటాడి పట్టుకునే బాధ్యత రేమండ్ మీద పడింది. ఆయన ఆ రాకుమారుణ్ణి బంధించాడు. కానీ హైదరాబాద్‌కు తెస్తుండగా, తండ్రి ముఖం చూడలేక దారిలోనే అతను విషం తీసుకుని చనిపోయాడు. ఈ ఘట్టం చదివినప్పుడు దావీదు, అబ్షాలోములు గుర్తుకు రాక మానరు. తిరుగుబాటు అణిగిందని సైన్యం సంతోషిస్తున్న వేళ, కొడుకు కోసం గుమ్మం మీది గదిలోకెక్కి ఏడ్చాడు దావీదు (2 సమూ 18:33). సింహాసనం నిలవడం వేరు, ఇల్లు నిలవడం వేరు. మొదటిదాన్ని సైన్యం కాపాడగలదు, రెండోదాన్ని ఏ సైన్యమూ కాపాడలేదు.

రేమండ్ కిరాయి సైనికుడే, అందులో దాపరికం లేదు. ఆయన నడిపిన యుద్ధాల్లో ఎందరో తల్లులు బిడ్డల్ని పోగొట్టుకున్నారు. అయినా తన కింది సిపాయిలను ఆయన న్యాయంగా చూశాడు. ఉదారంగా ఆదుకున్నాడు. అందుకే ముస్లింలు ఆయన్ను ‘మూసా రహీం’ అని, హిందువులు ‘మూసా రాం’ అని తమవాడిగా పిలుచుకున్నారు. పరాయి దేశం నుంచి వచ్చినవాడికి రెండు మతాల వారూ తమ నోటికి ఇష్టమైన పేరు పెట్టుకోవడం ఎంత అరుదైన గౌరవం!

1798 మార్చి 25న, 42 ఏళ్ల వయసులో రేమండ్ హఠాత్తుగా కన్నుమూశాడు. విషప్రయోగమని కొందరు, ఆత్మహత్యని మరికొందరు చెప్పుకున్నారు. ఆయన పోయాక ఆ సైన్యం ఏడు నెలలు కూడా నిలవలేదు. సెప్టెంబరు 1న నిజాం ఆంగ్లేయులతో సంధి చేసుకుని ఫ్రెంచి పటాలాలను రద్దు చేయడానికి ఒప్పుకున్నాడు. అక్టోబరులో ఆంగ్ల సేనలు వచ్చి వారి శిబిరాన్ని చుట్టుముట్టాయి. అప్పటికే బకాయి జీతాల కోసం సిపాయిలు తమ కొత్త సేనాని పిరోన్‌నే నిర్బంధించారు. బకాయిలు అందుతాయని హామీ ఇవ్వగానే ఆయుధాలు కింద పెట్టేశారు. పన్నెండేళ్లు చెమటోడ్చి కట్టిన బలగం యుద్ధం లేకుండానే కొద్ది గంటల్లో కరిగిపోయింది. ఆ తర్వాతే హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన ఆంగ్లేయుల దండు వేళ్లూని సికింద్రాబాద్ అయింది.

కొట్లు పడగొట్టి ఇంకా పెద్దవి కట్టుకుందామనుకున్న ధనవంతుడి ఉపమానాన్ని ప్రభువు చెప్పాడు (లూకా 12:16–21). ఆ రాత్రే అతని ప్రాణం అడిగితే కూడబెట్టినదంతా ఎవరిదవుతుంది? మన చర్చి భవనాలు, పదవులు, బ్యాంకు ఖాతాలు కూడా ఆ ఫిరంగుల లాంటివే. మనం లేని ఏడు నెలలకు వాటి గతి ఏమిటో ఎప్పుడైనా ఆలోచించామా?

మూసారాంబాగ్ పేరు వెనుక ఉన్నది ఈ మూసారామేనని చెబుతారు. ఇప్పుడది ఒక మెట్రో స్టేషన్ పేరు కూడా. అక్కడికి దగ్గర్లోని గుట్ట మీద ఆయన సమాధి ఉంది. దాదాపు ఏడు మీటర్ల ఎత్తున్న నల్లరాతి స్తంభం మీద ఆయన పేరులోని రెండు పొడి అక్షరాలే కనిపిస్తాయి. పక్కనున్న స్తంభాల మండపం 2001లో కూలిపోతే మళ్లీ కట్టారు. ఆయన వర్ధంతికి జనం చాలాకాలం అక్కడికెళ్లి దీపాలు వెలిగించి సాంబ్రాణి వేసేవారు. సమాధుల ముందు మొక్కడం మన విశ్వాసం కాదు. కానీ ఆ దీపం వెలిగించిన చేతుల వెనుక ఉన్న కృతజ్ఞతను మాత్రం తక్కువ చేయకూడదు. ఆ జనం గుర్తుపెట్టుకున్నది ఆయన ఫిరంగుల లెక్క కాదు, ఆయన తమను మనుషులుగా చూసిన తీరు.

ఈ ఆదివారం ఆరాధన నుంచి ఇంటికి వెళ్తూ మనల్ని మనం ఒక ప్రశ్న అడుగుదాం. మన కింద పనిచేసేవారు, మన ఇంట్లో అంట్లు తోమేవారు, మన విశ్వాసం పంచుకోని ఇరుగుపొరుగు వారు రేపు మనల్ని ఏ పేరుతో తలుచుకుంటారు?