కొమురం భీం: పన్ను చీటీ, పట్టా కాగితం, గంపెడు జొన్నలు

కొమురం భీం ఎవరని మా హాస్టల్ పిల్లలను అడిగితే ముందు సినిమా గుర్తుకొస్తుంది. 2022లో వచ్చిన ఆ సినిమాలో భీం పులితో తలపడతాడు, డాన్సు చేస్తాడు. అది కల్పిత కథ అని తీసినవాళ్ళే చెప్పారు కాబట్టి వాళ్ళను తప్పు పట్టనవసరం లేదు. అయితే అసలు భీం జీవితమంతా పన్నుల చుట్టూ, పట్టా కాగితం చుట్టూ తిరిగింది. తెర మీద పన్ను చీటీని చూపిస్తే ఎవరూ ఈలలు వేయరు. అందుకే ఆ సంగతి ఈ సంచికలో మేము రాస్తున్నాం.

భీం 1901లో ఆసిఫాబాద్ దగ్గరి సంకెపల్లిలో గోండు కుటుంబంలో పుట్టాడు. తండ్రి పేరు చిన్నూ, తల్లి సోంబాయి. అప్పటి గోండు గూడెంలో డబ్బు చాలా తక్కువ కనిపించేది. జొన్నలు, పప్పులు ఇంట్లో పండేవి. ఇప్పపువ్వు, చింతపండు, కట్టె అడవి ఇచ్చేది. సారం తగ్గితే ఆ చేను కొన్నేళ్ళు వదిలి, పక్కన మరో చోట పోడు కొట్టుకునేవారు. చేను ఎవరిదో ఊరందరికీ తెలుసు. రాసి పెట్టుకోవాల్సిన అవసరం రాలేదు.

నిజాం సర్కారు అడవులకు హద్దులు పెట్టడంతో కష్టాలు మొదలయ్యాయి. హద్దు లోపలి చేను ఒక్క రోజులో నేరమైంది. పశువులను మేపితే సుంకం, కట్టె తెచ్చుకుంటే సుంకం, నాగలి పట్టినా సుంకం. బంబ్రాం, దూపపెట్టి అనే పన్నుల పేర్లు ఆదిలాబాద్ పెద్దల నోళ్ళలో ఇప్పటికీ ఉన్నాయి. చట్టంలో రాసినది ఒకటైతే, జంగ్లాతోళ్ళు వసూలు చేసే మామూలు ఇంకొకటి. కోడి, నెయ్యి, వెట్టిచాకిరీ లెక్కలోకే రావు.

పిల్లలూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. సర్కారు పన్నును డబ్బుగా అడిగింది. గోండు ఇంట్లో ఉన్నది ధాన్యం. పన్ను గడువు పంట చేతికొచ్చేదాకా ఆగదు కనుక షావుకారు దగ్గరికి పోవాలి. అతను హాలీ సిక్కా రూపాయలిచ్చి, కోతల వేళకు వచ్చి కళ్ళంలోనే జొన్నలు కొలుచుకుపోతాడు. అప్పు తీరకపోతే ఎడ్లు పోతాయి, చివరికి చేను పోతుంది. పన్ను రెండు రూపాయలే అనిపించవచ్చు. ఆ రెండు రూపాయలు తేవడానికి అయ్యే ఖర్చు పన్నుకు ఎన్నో రెట్లు.

కళ్ళంలో జొన్నలు తగ్గితే ఇంకొకటి కూడా తగ్గుతుంది. గోండుల కథలు, వంశాల చరిత్ర పాడేవాళ్ళు ప్రధాన్లు. కీక్రి వాయిస్తూ తమ దాత కుటుంబాల ఇళ్ళకు వచ్చి పాడితే, గోండులు ధాన్యం ఇచ్చేవారు, ఉన్నవాళ్ళు పశువును కూడా ఇచ్చేవారు. వాళ్ళ బతుకు ఆ ఇవ్వడం మీదే ఆధారపడి ఉండేది. భర్త పోయిన ఆడమనిషికి, పంట పోయిన ఇంటికి, దారిన పోయే బాటసారికి కూడా ఆ కళ్ళంలోంచే గంపెడు తీసి పెట్టేవారు. దానం అనే పెద్ద మాట దానికి అవసరం లేదు, అది ఊరి నడవడి. సర్కారు ఆ దానాన్ని ఎక్కడా నిషేధించలేదు. ఇచ్చేవాడి దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగలకుండా చేసింది, అంతే.

భీంకు పదిహేనేళ్ళ వయసులో తండ్రి పోయాడు. అటవీ సిబ్బంది దౌర్జన్యంలోనే పోయాడని చెబుతారు. కుటుంబం సంకెపల్లి వదిలి సుర్దాపూర్ చేరి, అక్కడ అడవి కొట్టి చేను చేసుకుంది. పంట చేతికొచ్చే వేళకు సిద్దిఖ్ అనే అతను వచ్చి ఆ భూమి తనదన్నాడు. చెమట భీం కుటుంబానిది, కాగితం అతనిది. పట్టా ఎలా తీసుకోవాలో, ఉర్దూలో అర్జీ ఎవరు రాస్తారో గూడెంలో ఎవరికీ తెలియదు. బయటినుంచి వచ్చినవాళ్ళకు రెండూ తెలుసు. గొడవలో భీం కొట్టిన దెబ్బకు సిద్దిఖ్ చనిపోయాడు. భీం ఊరు విడిచి పరారయ్యాడు.

తర్వాతి సంవత్సరాల్లో భీం బతికింది ఇతరుల దయ వల్లనే. చాందాలో విఠోబా అనే ప్రెస్సు యజమాని ఆశ్రయమిచ్చి, చదవడం రాయడం నేర్పాడని సాహు, అల్లం రాజయ్య రాసిన నవలలోనూ, పెద్దల మాటల్లోనూ ఉంది. విఠోబా అరెస్టు అయ్యాక భీం అస్సాం తేయాకు తోటలకు పోయి కూలి చేశాడు. తిరిగి వచ్చాక కాకన్‌ఘాట్‌లో లచ్చు పటేల్ పని ఇచ్చి నిలబెట్టాడు. ఆ పటేల్ భూమి తగాదాను భీం సర్కారు దగ్గర నడిపించి గెలిపించాడని చెబుతారు. భీం జీవితంలో మాకు అన్నింటికంటే నచ్చే ఘట్టం ఇదే. తన కుటుంబం చేను కాగితం లేకపోవడం వల్ల పోయింది, ఇప్పుడు అదే కాగితం చదివి ఇంకొకరి చేను నిలిపాడు. తుపాకీ పట్టిన భీం బొమ్మలు ఊరూరా ఉన్నాయి. అర్జీ రాస్తున్న భీం బొమ్మ మాత్రం మేము ఎక్కడా చూడలేదు.

కేరమెరి కొండల్లో జోడేఘాట్, బాబేఝరి వంటి పన్నెండు గూడేల జనం కొత్తగా పోడు కొట్టుకుని స్థిరపడ్డారు. జంగ్లాతోళ్ళు వచ్చి పంటలు నాశనం చేశారు, ఇళ్ళు కాల్చారు. భీం ముందు అర్జీలే పెట్టాడు. నిజాంను కలుద్దామని హైదరాబాద్ దాకా పోయాడని, దర్శనం దొరక్క తిరిగొచ్చాడని చెప్పుకుంటారు. ఆ తర్వాతే జోడేఘాట్ కొండ మీద జనాన్ని కూడగట్టి నీరు, అడవి, నేల తమవేనని నిలబడ్డాడు. 1940లో పోలీసులు కొండెక్కి కాల్పులు జరిపారు. భీం, అతనితో మరికొందరు గోండులు అక్కడే ప్రాణాలు వదిలారు. అందుకే ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో వర్ధంతి జరుపుతారు.

ఆ కాలంలో మన నిజామాబాద్ వైపు ఏం జరుగుతోందో కూడా చూడాలి. 1923లో మొదలుపెట్టిన నిజాంసాగర్ 1931కి పూర్తయింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. అదే ఏడాది ఏడో నిజాం ప్రపంచంలోకెల్లా ధనవంతుడని టైమ్ పత్రిక ముఖచిత్రం వేసింది. ఆయన బెనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి సైతం విరాళమిచ్చాడు. ఆ విరాళాన్ని మేము తక్కువ చేయడం లేదు, అందులో ఎందరో చదువుకున్నారు. కానీ ఖజానాలో శిస్తులూ సుంకాలూ కూడా ఉంటాయి. ఇందల్వాయి టోల్ గేటు దగ్గర డబ్బు కడితే ముందు రోడ్డయినా కనిపిస్తుంది. పశువుల మీద సుంకం కట్టిన జోడేఘాట్ గోండుకు బడి లేదు, దవాఖాన లేదు, చేను మీద హక్కూ లేదు.

భీం పోయాక ఆ సర్కారే మేలుకుంది. హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను పంపి కారణాలు వెతికించింది. పట్టా లేకపోవడం, వడ్డీ, అటవీ సిబ్బంది పీడన అని ఆయన తేల్చాడు. 1943లో మార్లవాయిలో గోండు పిల్లలకు చదువు చెప్పే పంతుళ్ళ శిక్షణ కేంద్రం మొదలైంది. తర్వాతి కొన్నేళ్ళలో ఆదిలాబాద్ గిరిజనులకు లక్ష ఎకరాలకు పైగా భూమికి పట్టాలు వచ్చాయి. విఠోబా, లచ్చు పటేల్ ఎంత మంచివాళ్ళయినా కలిసి ఒక్క భీంను నిలబెట్టగలిగారు. చట్టంలో మార్పు వేల ఇళ్ళను నిలబెట్టింది.

ఇక మన సంగతి. 1/70 చట్టం ఉంది కదా అని మన యువత ధీమాగా అంటుంటారు. అది షెడ్యూల్డ్ ప్రాంతాలకే వర్తిస్తుంది, నిజామాబాద్ జిల్లా అందులో లేదు. మనకు ముఖ్యంగా ఉన్నవి రెండు. ఒకటి 1977 అసైన్డ్ భూముల చట్టం: భూమి లేని పేదలకు సర్కారు ఇచ్చిన భూమిని అమ్మినా కొన్నా చెల్లదు. రెండోది 2006 అటవీ హక్కుల చట్టం: 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్న గిరిజన కుటుంబానికి 4 హెక్టార్ల వరకు హక్కు ఇస్తుంది. అది వారసులకు వస్తుంది, అమ్మడానికి వీల్లేదు. క్లెయిము మొదట పెట్టేది గ్రామసభలోనే.

దానం విషయంలోనూ చట్టం తీరు తెలుసుకోండి. గుర్తింపు పొందిన సంస్థకు బ్యాంకు ద్వారా డబ్బిచ్చిన వ్యాపారికి ఆదాయపు పన్నులో రాయితీ రావచ్చు. ఏటా పంట రాగానే హాస్టల్‌కు బియ్యం మూట పంపే తల్లిదండ్రులకు ఏ రాయితీ లేదు, వస్తువుగా ఇచ్చినది ఆ లెక్కలోకి రాదు. మేము మాత్రం ఆ మూటలను రిజిస్టర్‌లో మొదటి పేజీలో రాస్తాం.

మీ తండాలో, గూడెంలో ఎవరి ఇంట్లోనైనా అసైన్డ్ పట్టా షావుకారు దగ్గర తాకట్టులో ఉంటే, అటవీ హక్కు క్లెయిము ఏళ్ళ తరబడి ఆగి ఉంటే, ఆ కాగితాల జిరాక్సులు తీసుకుని ఆదివారం హాస్టల్‌కు రండి. కలిసి కూర్చుని చదువుదాం.